పరుగును ఆపని రక్షణ: రిమోటు కారుకు మడ్‌గార్డుల అమరిక

వానకు నానిన మైదానములయందును, ఇసుక దిబ్బలయందును, కంకర బాటలయందును పరుగెత్తుటకై నిర్మింపబడిన రిమోటు కారుకు రాతికంటె మట్టియే ప్రబలమైన శత్రువు. రాయి తాకి విరిగిన భాగము వెంటనే కంటబడును. దానిని తొలగించి క్రొత్తది బిగించినంతనే బండి మరల పరుగునకు సిద్ధమగును. మట్టి చేసెడి హాని అంత త్వరగా బయటపడదు. అది షాకబ్జార్బరు కడ్డీకి అంటుకొని, కడ్డీ లోనికిని వెలుపలికిని ఆడిన ప్రతిసారియు రబ్బరు సీలును ఒరసి, తుదకు నూనె కారునట్లు చేయును. బేరింగుల సందులలో చొరబడి గుండ్లను గరుకుపరచును. గేరు మూత వదులైనచో పండ్ల నడుమ ఇసుకరేణువై నిలిచి వానిని అరగదీయును. సస్పెన్షన్ ఆర్మ్‌ల కీళ్లయందు ఎండి గట్టిపడి, స్వేచ్ఛగా ఆడవలసిన ఆర్మ్‌ను బిగదీయును. ఇట్లు కొన్ని వారములు గడచిన పిదప బండి మునుపటివలె నడచుట లేదని యజమానికి తోచును గాని, కారణ మిది యని వ్రేలు పెట్టి చూపజాలడు.

ఈ హానిని తగ్గించుటకు మడ్‌గార్డు మిక్కిలి చౌకయైన ఉపాయము. కాని దాని అమరికయందు ఒక వివేకము కావలెను. రక్షణకై పెట్టిన వస్తువు, తాను రక్షించుచున్న దాని చలనమును హరింపరాదు. నిలిచియున్న బండిని చూచి, నిలిచియున్న చక్రమునకు కొలతలు తీసి, అందముగా బిగించిన రేకు పరుగులో టైరును ఒరయును, మలుపులో స్టీరింగును అడ్డును, దూకినపుడు సస్పెన్షను క్రిందికి పోనీయక బండిని ఎగురగొట్టును. బండి యెంతవరకు కదలగలదో ముందుగా తెలిసికొనినవాడే దానికి తగిన అడ్డును నిలుపగలడు. ఈ అధ్యాయమున చెప్పబోవు పనులన్నియు ఈ ఒక్క సూత్రమునకు వివరణములే.

మట్టినుండి యంత్రమును కాపాడవలెనను తలంపు ఈ క్రీడలో తొలినాళ్లనుండియు కలదు. జపానులోని షిజువోకా నగరమునకు చెందిన తమియా సంస్థ 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అను రెండు బగ్గీలను వెలువరించినప్పుడు, దుమ్మును నీటిని దూరముంచుటకై రేడియో పరికరములను పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో మూసి బిగించెను. అమెరికాలోని ట్రాక్సస్ సంస్థ 2008లో వెలువరించిన స్లాష్ అను 1/10 పరిమాణపు ట్రక్కులో నేడు రిసీవరు మూతగల పెట్టెలో ఉండును; స్పీడ్ కంట్రోలరును సర్వోయును నీటికి చెడని విధమున తయారగుచున్నవి. అయినను షాకబ్జార్బర్లు, డ్రైవ్ షాఫ్టులు, చక్రపు బేరింగులు, ఆర్మ్‌ల కీళ్లు ఏ పెట్టెలోను ఇముడవు; అవి ఆరుబయటనే ఆడవలెను. మడ్‌గార్డు కాపాడవలసినది ముఖ్యముగా వీనినే. ఇచ్చట చెప్పబడు కొలతలన్నియు స్లాష్ వంటి 1/10 ట్రక్కు నుద్దేశించినవి. అంతకు పెద్ద బండ్లకు వానిని తగినట్లు పెంచుకొనవలెను.

మట్టి పోవు త్రోవ

అడ్డు పెట్టుటకు ముందు, మట్టి యెచ్చటినుండి యెచ్చటికి పోవుచున్నదో తెలియవలెను. చక్రము నేలను తాకినచోట మట్టిని అంటించుకొని, వెనుకవైపుగా పైకెత్తి, శిఖరమును దాటించి ముందువైపునకు దింపును. టైరునుండి విడివడిన ముద్ద ఆ బిందువున చక్రమునకు స్పర్శరేఖయైన దిశలోనే పోవును. కావున బండిలో కూర్చుండి చూచుచున్నట్లు భావించినచో, నేలకు కొంచెము పైన విడివడినది వెనుకకును, చక్రపు వెనుక అంచున విడివడినది నిట్టనిలువుగా పైకిని, శిఖరమున విడివడినది ముందునకును దూకును. ముందు చక్రముల అడుగునుండి వెనుకకు చిమ్మిన మట్టి ఛాసిస్ ప్రక్కలను తాకును. నిలువుగా ఎగసినది బాడీ లోపలి గోడకు తగిలి చెదరి, బ్యాటరీపైనను తీగలపైనను రాలును. వెనుక చక్రముల శిఖరమునుండి ముందునకు దూకినది షాకబ్జార్బర్ల చుట్టును మోటారు చుట్టును చేరును. స్లాష్‌లో వెనుక చక్రములు మాత్రమే త్రిప్పబడు నమూనా కలదు. అందు త్రాటిల్ ఒక్కసారిగా నొక్కినపుడు వెనుక చక్రములు పట్టు తప్పి నేలను గీరుకొనుచు తిరుగును గనుక, మట్టిలో అధికభాగమును అవియే చిమ్మును.

ఈ చిమ్ముట యెంత బలముగ నుండునో లెక్కవేసి చూడవచ్చును. సుమారు 11 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రము, బండి గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు, నిమిషమునకు 1,900 చుట్లకు పైగా తిరుగును. టైరు అంచుననున్న మట్టిని పట్టి నిలుపుటకు దాని బరువునకు 200 రెట్లకు మించిన బలము కావలెను. జిగట అంత బలమును ఇయ్యజాలదు. అందుచేతనే నెమ్మదిగా పోవునపుడు టైరు బ్లాకుల నడుమ కూరుకొన్న మట్టి, వేగము పెంచిన క్షణముననే ముద్దలు ముద్దలుగా విడివడును. కావున మడ్‌గార్డు తట్టుకొనవలసిన దెబ్బ, సమముగా సాగు పరుగులోకంటె మలుపు దాటి వేగమందుకొను క్షణములలో అధికముగా నుండును.

ఈ సామాన్యజ్ఞానముతో తృప్తిపడక, మీ బండిని మీరే పరీక్షింపవలెను. బాడీ లోపలివైపునను, ఛాసిస్ ప్రక్కలందును, షాక్ టవర్లపైనను తెల్లకాగితపు ముక్కలను టేపుతో అంటించి, తడినేలపై అయిదు నిమిషములు ఎప్పటివలె నడుపుడు. పిదప బాడీ విప్పి చూచినచో, ఏ కాగితముపై మరకలు దట్టముగ పడినవో, ఏది శుభ్రముగ నిలిచినదో తేటపడును. దట్టముగ పడినచోటనే అడ్డు కావలెను. శుభ్రముగ నిలిచినచోట అడ్డు పెట్టుట వృథాభారము. ఒకరి బండికి తగిన అమరిక మరియొకరి బండికి తగకపోవచ్చును. టైరు వెడల్పు, బాడీ ఆకారము, నడుపువాని అలవాటు, నేల స్వభావము అన్నియు ఆ మరకలను మార్చును.

ఎచ్చట ఏ విధమైన అడ్డు

మడ్‌గార్డులు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది సస్పెన్షన్ ఆర్మ్‌కే బిగింపబడి, ఆర్మ్‌తోపాటు పైకి క్రిందికి ఆడెడి రేకు. 1/8 పరిమాణపు పందెపు బగ్గీలలో వెనుక ఆర్మ్‌లకు ఇట్టి రేకులు విరివిగా కానవచ్చును. అవి డ్రైవ్ షాఫ్టులను, షాకబ్జార్బరు దిగువ భాగమును కాపాడును. రెండవది ఛాసిస్‌కు ప్రక్కగా నిలిచి, ముందు చక్రములు వెనుకకు చిమ్మిన మట్టి బ్యాటరీవైపు రాకుండ ఆపెడి గట్టి రేకు. మూడవది చక్రము వెనుక బంపరునుండి గాని బాడీనుండి గాని వ్రేలాడెడి మెత్తని ఫ్లాపు. ఇది తన బండికంటె వెనుక వచ్చు బండికే ఎక్కువ మేలు చేయును, కనుక నలుగురు కలిసి నడుపుచోట ఇది యొక మర్యాద. ఇవిగాక షాకబ్జార్బర్లకును ఛాసిస్‌కును తొడుగు సన్నని వలగుడ్డ కవరులును దొరకును. ఇవి పొడిదుమ్మునకు మేలైనవి గాని, తడిమట్టి వానిపై పేరుకొని బరువెక్కును.

ఏది యెన్నుకొనినను ఒక నియమమును మరువరాదు: కదిలెడి భాగమును కదలని భాగమును ఒకే గట్టి రేకుతో కలిపి బిగింపరాదు. చక్రమును అనుసరింపవలసిన రేకు ఆర్మ్‌కే బిగియవలెను. ఛాసిస్‌ను కాపాడవలసిన రేకు ఛాసిస్‌కే బిగియవలెను. రెండింటి నడుమ సందును మూయక తప్పదని తోచినచో, అచ్చట సైకిలు ట్యూబునుండి కత్తిరించిన రబ్బరు ముక్కను వదులుగా, ముడుతపడుటకు వీలుగా వ్రేలాడదీయవలెను.

అవధులయందు కొలత

ఈ పనికంతటికిని ఇది కీలకమైన ఘట్టము. షాకబ్జార్బర్లను బండినుండి విప్పవలదు. వానిపైనున్న స్ప్రింగులను మాత్రము తీసివేయుడు. షాకబ్జార్బర్లు ఉన్నచోటనే ఉన్నందున సస్పెన్షను నిజముగా పోగలిగిన అవధుల వరకే పోవును. స్ప్రింగులు లేనందున చేతితో తేలికగా ఆడును. ఇప్పుడు ఛాసిస్‌ను నేలకు తాకునట్లు అదిమి, స్టీరింగును పూర్తిగా ఎడమకును, పిదప పూర్తిగా కుడికిని త్రిప్పి చూడవలెను. తరువాత బండిని పైకెత్తి, చక్రములు పూర్తిగా జారి వ్రేలాడుచుండగా, మరల ఎడమకును కుడికిని త్రిప్పవలెను. ఈ నాలుగు స్థితులలో టైరు ఎచ్చటెచ్చటికి వచ్చుచున్నదో ఛాసిస్‌పైనను బాడీపైనను పెన్సిలుతో గుర్తింపుడు. ఆ గుర్తుల లోపలి చోటంతయు చక్రమునకు చెందినది. మడ్‌గార్డు దాని వెలుపల నిలువవలెను.

ఆ గుర్తులపై మరి రెండు మినహాయింపులు కలవు. అతివేగమున మెత్తని టైరు అపకేంద్రబలముచేత ఉబ్బి, నిలిచియున్నప్పటికంటె పెద్దదగును. దానికి కొంత చోటు విడువవలెను. టైరునకు అంటుకొన్న మట్టికిని, దానితో వచ్చెడి చిన్నరాళ్లకును మరికొంత చోటు విడువవలెను. పొడినేలయందును ఇసుకయందును 8 మిల్లీమీటర్ల సందు చాలును. జిగటమట్టిలో 12 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

ఈ రెండవ మినహాయింపు విలువ మన నల్లరేగడి పల్లెలలోనివారికి చెప్పనక్కరలేదు. వానాకాలమున ఆ దారిలో సైకిలు నడపినవారెవరైనను ఎరుగుదురు: చక్రమునకు దగ్గరగా బిగిసిన మడ్‌గార్డు లోపల రేగడిమట్టి కూరుకొని, చక్రమును తిరుగనీయక పట్టివేయును, సైకిలు దిగి, పుల్లతో మట్టిని గోకి తీసి, మరల నాలుగడుగులు నడచి, మరల గోకవలసివచ్చును. అచ్చట రక్షణకై పెట్టిన రేకే బ్రేకు అయినది. రిమోటు కారునకు ఈ గతి పట్టినచో దిగి గోకువాడు లేడు. చక్రము పట్టుకొనిపోయినను మోటారు లాగుచునే యుండును, కరెంటు పెరుగును, మోటారును స్పీడ్ కంట్రోలరును వేడెక్కి చెడును. కావున నల్లరేగడిలో నడుపువారు చక్రమును దగ్గరగా చుట్టెడి రేకులను విడిచి, దూరముగా నిలిచెడి ఛాసిస్ రేకులను, మెత్తని ఫ్లాపులను మాత్రమే వాడుట మేలు. ఎర్రని చల్కానేలలయందును సముద్రతీరపు ఇసుకయందును నడుపువారు దగ్గరి రేకులను నిర్భయముగా వాడవచ్చును.

పదార్థము, నమూనా, బిగింపు

రేకునకు తగిన పదార్థము వంగి మరల నిలువవలెను, పగులరాదు, తేలికగా నుండవలెను. బాడీలకు వాడెడి పాలికార్బొనేటు షీటు ఇందుకు శ్రేష్ఠము. 1 మిల్లీమీటరు మందము చాలును. అది దొరకనిచోట ఇంట పారవేయు ప్లాస్టిక్ డబ్బాలే ఉపకరించును. డబ్బా అడుగున త్రికోణపు గుర్తులో 2 అను అంకె యున్నచో అది అధికసాంద్రత గల పాలిథీను, 5 అను అంకె యున్నచో పాలీప్రొపిలీను. రెండును దెబ్బకు వంగును గాని తేలికగా పగులవు. అయితే వీనికి జిగురు నిలువదు. స్క్రూలతోనో కేబుల్ టైలతోనో బిగింపవలెను. రేకుడబ్బాలనుండి కోసిన ఇనుప రేకును వాడవలదు: అది ఒకసారి వంగినచో వంగినట్లే యుండి టైరును కోయును, తీగల పైపొరను గీరి షార్టునకు కారణమగును, యాంటెన్నా చెంత నున్నచో సంకేతమును మందగింపజేయును.

షీటును ముట్టుటకు ముందు అట్టతో నమూనా చేయవలెను. అట్టను కత్తిరించి, టేపుతో బండిపై నిలిపి, పైన చెప్పిన నాలుగు స్థితులలోను చక్రమును ఆడించి, తగిలినచోట గీతగీసి మరల కత్తిరింపుడు. అట్ట ఎన్నిమార్లు చెడినను నష్టము లేదు. ఈ ఓపికయే తరువాతి పనిని సులభము చేయును. అట్ట నాలుగు స్థితులలోను ఎచ్చటను తగులనప్పుడే దాని అంచును షీటుపై గీసి కోయవలెను. కోసిన మూలలన్నింటిని గుండ్రముగా మలచి, అంచులను ఉప్పుకాగితముతో రుద్దవలెను; పదునైన మూలయే పగులునకు ఆరంభస్థానము. 3 మిల్లీమీటర్ల స్క్రూకు 3.2 మిల్లీమీటర్ల రంధ్రము వేసి, రంధ్రము అంచునుండి కనీసము 6 మిల్లీమీటర్ల దూరమున నుండునట్లు చూడవలెను. స్క్రూ తల క్రింద వెడల్పైన వాషరు వేసి, షీటు నలుగకుండ కదలకుండ నిలిచినంతవరకే బిగింపవలెను. స్క్రూ జారకుండ పూసెడి థ్రెడ్‌లాకర్ పాలికార్బొనేటుకు తగిలినచో అది చిట్లి పగుళ్లువారును. కాబట్టి ఈ షీటు దగ్గర నైలాను పట్టుగల లాక్‌నట్టునే వాడవలెను.

ఆర్మ్‌కు క్రొత్తగా రంధ్రము వేయుట తగదు. దెబ్బను భరింపవలసిన ఆర్మ్ రంధ్రముచేత బలహీనమై, రేకును కాపాడబోయి తానే విరుగును. ఉన్న స్క్రూలచోటనే కొంచెము పొడవైన స్క్రూ వేసియో, ఆర్మ్ చుట్టును కేబుల్ టైలను చుట్టియో బిగింపుడు. గట్టిదెబ్బ తగిలినపుడు మొదట తెగవలసినది టై, పిదప రేకు. ఆర్మ్ ఎన్నటికిని కాదు. తక్కువ విలువగల వస్తువు ముందుగా లొంగిపోవుటయే రక్షణలోని ధర్మము.

గాలి, వేడి, బరువు

మట్టిని ఆపునది గాలినికూడ ఆపును. మోటారు చుట్టును ఎడములేకుండ రేకులు నిలిపినచో, దాని వేడి బయటికి పోవు మార్గము మూసికొనును. కావున మడ్‌గార్డులు లేకుండ పది నిమిషములు నడిపి, ఉష్ణమాపకముతో మోటారు వేడిని చూచి వ్రాసికొనుడు. అదే పూట, అదే నేలపై మడ్‌గార్డులతో మరల పది నిమిషములు నడిపి పోల్చుడు. వేడి స్పష్టముగా హెచ్చినచో మోటారు ప్రక్కనున్న రేకును తగ్గించియో, మట్టి రాని వైపున గాలిరంధ్రములు చేసియో సవరింపవలెను. లిథియం పాలిమర్ బ్యాటరీ విషయమున మరింత జాగ్రత్త కావలెను. దాని వేడి 60 డిగ్రీల సెల్సియస్‌ను దాటనీయరాదు. స్లాష్ వంటి ట్రక్కుల వెడల్పైన బాడీ దూకునపుడు క్రిందినుండి గాలిని పట్టి, ముందుభాగమును పైకెత్తును. వెనుక పెద్ద ఫ్లాపులు కట్టినచో ఈ దోషము హెచ్చును. ఫ్లాపు చక్రపు వెడల్పును మించకుండుట దీనికి మందు.

బరువు విషయమున, ఆర్మ్‌పై పెట్టిన ప్రతి గ్రామును స్ప్రింగుల క్రింద చేరును. గతుకులపై చక్రము నేలను అంటి నడచుటకు అది ఆటంకము. ఒక్కొక్క ఆర్మ్ రేకు 10 గ్రాములను మించకుండునట్లును, ఎడమ కుడి రేకులు సమానముగ తూగునట్లును వంటింటి చిన్నత్రాసుపై చూచుకొనవలెను.

మడ్‌గార్డు తీర్పలేని పనులు

మడ్‌గార్డు ఎంత చక్కగ నమరినను నీటిలో మునుగు బండిని కాపాడదు. నీటికి తట్టుకొనని స్పీడ్ కంట్రోలరు గల బండిని తడిలో నడుపరాదనుటకు మార్పు లేదు. అట్లే అది శుభ్రపరచు పనిని తగ్గించును గాని తొలగింపదు. ప్రతి పరుగు పిదప మట్టి ఎండకముందే మెత్తని బ్రష్షుతో తుడిచి, మడ్‌గార్డులను విప్పి వాని వెనుక పేరుకొన్నదానిని తీసివేయవలెను; రేకు వెనుక తడిమట్టి నిలిచియున్నచో స్క్రూలును బేరింగులును అచ్చటనే త్రుప్పుపట్టును. తడిసిన బేరింగులను ఆరబెట్టి, చుక్క నూనె వేయవలెను. సముద్రపు ఇసుకలో నడిపినపుడు ఉప్పు నిలువకుండ మంచినీటితో తుడుచుట తప్పనిసరి. నెలకొకసారి తెల్లకాగితపు పరీక్షను మరల చేయుడు. టైరు మార్చినను, నేల మారినను, మడ్‌గార్డుయొక్క చోటును మార్చవలసియుండవచ్చును.

ఈ అభిరుచిని పిల్లలకు నేర్పు తల్లిదండ్రులు ఈ పనిని వారిచేతనే చేయింపవలెనని నా మనవి. సిద్ధముగా దొరకు మడ్‌గార్డును కొనియిచ్చుట సులభమే. కాని కాగితమంటించి గమనించుట, స్ప్రింగులు తీసి అవధులను కొలుచుట, అట్టపై తప్పులు దిద్దుకొనుట, వేడిని పోల్చి నిర్ణయించుట అను ఈ నాలుగు పనులలో గమనిక, కొలత, ఓర్పు, పరీక్ష అను నాలుగు గుణములు అభ్యాసమగును. ఊహించి పెట్టిన రక్షణకును కొలిచి పెట్టిన రక్షణకును గల అంతరమును పిల్లవాడు తన చేతులతో ఒకమారు తెలిసికొన్నచో, పెద్దయై ఏ యంత్రమును చేపట్టినను, ఏ బాధ్యతను వహించినను ఆ అంతరమును మరువడు.

కావున పాఠకులు ఈ వారము అంగడికి పోవుటకు ముందు తమ బండిలోపల తెల్లకాగితము అంటించి అయిదు నిమిషములు నడుపుదురుగాక. ఏమి కొనవలెనో, ఏది కొననక్కరలేదో ఆ కాగితమే చెప్పును.